గీతలు నిండుగా, నెట్ మాత్రం సున్నా: పబ్లిక్ వైఫైలో ల్యాప్‌టాప్ కనెక్షన్ నిలబెట్టుకోవడం ఎలా?

ఒకసారి లైబ్రరీలో కూర్చుని ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఇస్తున్నాను. వైఫై గుర్తు నిండుగా ఉంది. ఉన్నట్టుండి అవతలివాళ్ల మొహాలు బొమ్మల్లా బిగుసుకుపోయాయి. టెన్షన్‌లో వైఫై ఆపి మళ్లీ పెట్టాను, బ్రౌజర్ మూసి తెరిచాను, చివరికి ల్యాప్‌టాప్‌నే రీస్టార్ట్ చేశాను. అది లేచేసరికి ఇంటర్వ్యూ కాస్తా అయిపోయింది. తర్వాత తీరిగ్గా చూస్తే తేలిందేమిటంటే, ఆ నెట్‌వర్క్‌లో గంటకోసారి లాగిన్ పేజీకి వెళ్లి మళ్లీ బటన్ నొక్కాలి. నా గంట అయిపోయింది, అంతే. పది సెకన్ల పని.

ఆ రోజు నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. నెట్ ఆగితే వెంటనే ఏదీ నొక్కను. ఎక్కడ ఆగిందో ముందు చూస్తాను.

దారిలో తెగడానికి మూడు చోట్లున్నాయి. మొదటిది గాలి: మీ ల్యాప్‌టాప్‌కూ, గోడకో పైకప్పుకో బిగించిన యాక్సెస్ పాయింట్‌కూ (వైఫై సిగ్నల్ పంచే పెట్టె) మధ్య దూరం. రెండోది గుమ్మం: నెట్‌వర్క్ మీ ల్యాప్‌టాప్‌కు ఒక ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తుపట్టే అంకెల చిరునామా) ఇవ్వాలి, లాగిన్ పేజీ దాటనివ్వాలి. మూడోది గుమ్మం అవతలి రోడ్డు: ఆ భవనం నుంచి ఇంటర్నెట్‌కు వెళ్లే లైను. వైఫై గుర్తులో కనిపించే గీతలు మొదటిదాని గురించే చెబుతాయి. మిగతా రెండూ చచ్చిపడి ఉన్నా గీతలు నిండుగానే ఉంటాయి. అందుకే వాటిని నమ్ముకుని కూర్చుంటే మోసపోతాం.

మొదటి అడుగు: బయల్దేరే ముందు ఇంట్లో చేయాల్సినవి

వైఫై డ్రైవర్ (వైఫై కార్డును నడిపే సాఫ్ట్‌వేర్), ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు ఇంటి నెట్ మీదే పూర్తి చేసుకోండి. బయట డ్రైవర్ పాడైతే, కొత్తది దింపుకోవడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి డ్రైవర్ కావాలి. ఆ రోజు తప్పనిసరిగా కావాల్సిన ఫైళ్లను ల్యాప్‌టాప్‌లోనే సేవ్ చేసి పెట్టుకోండి.

విండోస్ వాడేవాళ్లు ఇంకో పని చేయాలి. బ్యాటరీ పొదుపు కోసం విండోస్ వైఫై అడాప్టర్‌ను మధ్యమధ్యలో నిద్రపుచ్చుతుంది. ఇంట్లో రూటర్ దగ్గర్లో ఉంటుంది కాబట్టి తెలియదు, బయట సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట తెగి తెగి వస్తుంది. డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్స్‌లో వైఫై కార్డు పేరు మీద రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో ఈ పరికరాన్ని ఆపేసి కరెంటు ఆదా చేయవచ్చు అనే అర్థం వచ్చే గడిలో టిక్ తీసేయండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబే ఉండదు. అప్పుడు ఛార్జర్ పెట్టి పని చేసుకోవడం, పవర్ మోడ్‌ను మంచి పనితీరు వైపు జరపడం తప్ప ఎక్కువ చేయలేం.

రెండో అడుగు: కూర్చునే చోటు

నా లెక్కలో సగం సమస్యలు కుర్చీ మారిస్తే పోతాయి. అయినా మనం కుర్చీ తప్ప అన్నీ మారుస్తాం.

లోపలికి వెళ్లగానే ప్లగ్ పాయింట్ కోసం కాకుండా పైకప్పు వైపు చూడండి. తెల్లటి పళ్లెంలాగానో చిన్న పెట్టెలాగానో బిగించి, చిన్న లైటు వెలుగుతుంటే అదే యాక్సెస్ పాయింట్ అయి ఉండొచ్చు. దానికీ మీకూ మధ్య కాంక్రీటు స్తంభం, ఇనుప అల్మరా, పెద్ద అద్దం, చేపల తొట్టి లేని చోటు వెతుక్కోండి. నీళ్లు వైఫై తరంగాలను పీల్చుకుంటాయి. మన ఒంట్లోనూ ఎక్కువ భాగం నీళ్లే. అందుకే పొద్దున ఖాళీ హాల్లో బ్రహ్మాండంగా వచ్చిన సిగ్నల్, జనం నిండాక అదే కుర్చీలో నీరసపడుతుంది.

సిగ్నల్‌ను గీతల్లో కాకుండా అంకెల్లో చూడటం నేర్చుకుంటే చాలా మేలు. మ్యాక్‌లో ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని వైఫై గుర్తు మీద నొక్కితే ఆర్‌ఎస్‌ఎస్‌ఐ అనే అంకె కనిపిస్తుంది. అది మైనస్‌లో ఉంటుంది, సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. −50 అంటే రాజాలా ఉన్నట్టు. −67 దాకా వీడియో కాల్‌కు ఢోకా లేదు. −75 దాటితే మెయిల్ చూసుకోవడానికి సరే, కాల్‌కు కష్టం. −80 దగ్గర లేచి వేరే చోటికి వెళ్లడమే. ఈ కొలత ఒక లెక్క ప్రకారం నడుస్తుంది: 10 అంకెలు దిగితే చేరే శక్తి పదో వంతు అయిపోయినట్టు. అంటే −60, −70 చూడటానికి పక్కపక్కనే ఉన్నట్టున్నా వాటి మధ్య తేడా పదిరెట్లు. విండోస్ 11లో సెట్టింగ్స్‌లోని వైఫై ప్రాపర్టీస్ పేజీలో ఈ అంకె ఉండదు గానీ లింక్ స్పీడు, బ్యాండు, ఛానెల్ కనిపిస్తాయి. లింక్ స్పీడు రెండంకెలకు పడిపోయిందంటే చోటు బాగాలేదనే అనుకోవచ్చు.

ఇప్పుడు బ్యాండు, అంటే వైఫై నడిచే రేడియో పట్టీ, సంగతి. వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌లో, 5 గిగాహెర్ట్జ్‌లో, కొత్త పరికరాలైతే 6 గిగాహెర్ట్జ్‌లో కూడా నడుస్తుంది. 2.4 దూరం పోతుంది, గోడలు దాటుతుంది, కానీ అందులో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు మూడే: 1, 6, 11. జనం ఉన్నచోట ఆ మూడింటి మీదే అందరూ పడతారు. బ్లూటూత్ అక్కడే తిరుగుతుంది, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ పక్కనే 2.45 దగ్గర పనిచేస్తుంది. 5 గిగాహెర్ట్జ్ గోడ అడ్డొస్తే నీరసపడుతుంది గానీ, ఛానెళ్లు ఎక్కువ కాబట్టి తొక్కిసలాట తక్కువ. యాక్సెస్ పాయింట్ కనిపించేంత దగ్గర్లో ఉంటే 5 ఎంచుకోండి. చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో వైఫై కార్డు అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ప్రిఫర్డ్ బ్యాండ్ అని ఉంటుంది, దాన్ని 5 వైపు పెట్టేస్తే ల్యాప్‌టాప్ ముందు దాన్నే వెతుకుతుంది.

చాలామందికి తట్టని శత్రువు ఒకటుంది, యూఎస్‌బీ 3 హార్డ్ డిస్కు. ఆ కేబుల్, ఆ కనెక్టర్ నుంచి వచ్చే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే పడుతుందని ఇంటెల్ కంపెనీ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. బయటి డిస్కు తగిలించగానే వైఫై నత్తనడక పడితే మీ భ్రమ కాదు. డిస్కును ల్యాప్‌టాప్‌కు కాస్త దూరంగా జరపండి, లేదా 5కు మారండి.

మూడో అడుగు: సరైన పేరుకే కలవడం

పేరును గోడ మీద రాసినదాంట్లోనో, అక్కడ పనిచేసేవాళ్లనో అడిగి సరిచూసుకోండి. వైఫై పేరును ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. అసలు పేరుకు ‘ఫ్రీ’ అని తగిలించి పక్క టేబుల్ నుంచే ఒకరు నకిలీ నెట్‌వర్క్ నడపొచ్చు. దొంగతనం సంగతి అటుంచి, అలాంటివి నిలకడగా కూడా ఉండవు. కలిశాక ఇది పబ్లిక్ నెట్‌వర్కా, ప్రైవేటా అని విండోస్‌లో ఉండే సెట్టింగ్‌ను పబ్లిక్‌గానే ఉంచండి. అప్పుడు మీ ల్యాప్‌టాప్ పక్కవాళ్ల ల్యాప్‌టాప్‌లకు కనిపించదు.

నాలుగో అడుగు: లాగిన్ పేజీ రాకపోతే

పబ్లిక్ వైఫైలో అందరినీ ఏడిపించేది ఇదే. వైఫై కలిసింది అంటుంది, ఏ సైటూ తెరుచుకోదు, లాగిన్ పేజీ మాత్రం ఎంతకీ రాదు.

ఎందుకు రాదో తెలిస్తే తిప్పలు తగ్గుతాయి. మీరు ఏదో ఒక సైటు అడిగినప్పుడు నెట్‌వర్క్ మధ్యలో అడ్డుపడి, ఆ సైటు బదులు తన లాగిన్ పేజీని పంపుతుంది. సైటు పాత హెచ్‌టీటీపీ పద్ధతిలో ఉంటేనే ఈ ఎత్తు సాఫీగా పారుతుంది. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్‌లోకి వచ్చేశాయి. ఆ పద్ధతి అసలు ఉద్దేశమే మధ్యలో ఎవరూ దూరకుండా చూడటం. దాంతో బ్రౌజర్ లాగిన్ పేజీని కూడా దొంగలాగే అనుమానించి ఎర్రటి హెచ్చరిక చూపిస్తుంది, లేదా ఊరికే తిరుగుతూ ఉంటుంది. ఆ హెచ్చరికను తోసేసి ముందుకు పోకండి. ఇవి వరసగా చేసి చూడండి.

ముందు వీపీఎన్ (మీ నెట్ రాకపోకలకు తాళం వేసి మరో సర్వర్ గుండా పంపే యాప్) ఆపండి. గుమ్మం దాటకుండా వీపీఎన్ కలవదు, వీపీఎన్ కలిస్తే తప్ప కొన్ని ల్యాప్‌టాప్‌లు మరే దారినీ వాడనివ్వవు. రెండూ ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ కూర్చుంటాయి.

తర్వాత బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్ వాడని సైటు ఒకటి తెరవండి. ఇందుకోసమే నెవర్ ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ అనే సైటు ఉంది, పేరు మధ్యలో ఖాళీలు లేకుండా కొట్టాలి. చాలాసార్లు దీంతోనే లాగిన్ పేజీ ఊడిపడుతుంది.

అప్పటికీ రాకపోతే డీఎన్‌ఎస్ చూడండి. సైటు పేరును అంకెల అడ్రస్‌గా మార్చే పనిని డీఎన్‌ఎస్ అంటాం. మీరెప్పుడో వేగం కోసం 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ చేత్తో పెట్టుకుని మరిచిపోయి ఉంటే, లాగిన్ కాకముందు ఆ సర్వర్ల దగ్గరికి వెళ్లనివ్వని నెట్‌వర్కులు చాలా ఉన్నాయి. దాన్ని తాత్కాలికంగా ఆటోమేటిక్‌కు మార్చండి. బ్రౌజర్‌లోని సెక్యూర్ డీఎన్‌ఎస్ సెట్టింగ్ కూడా ఇదే తంటా తెస్తుంది.

ఆఖరి ప్రయత్నంగా గేట్‌వే (మిమ్మల్ని బయటి నెట్‌కు కలిపే రూటర్) అడ్రస్‌నే బ్రౌజర్‌లో కొట్టండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొడితే డిఫాల్ట్ గేట్‌వే ఎదురుగా 192.168.1.1 లాంటి అంకెలు వస్తాయి. మ్యాక్‌లో ఇందాకటి ఆప్షన్ కీ జాబితాలో రూటర్ అని ఉండేది ఇదే.

లాగిన్ అయ్యాక రెండు పనులు గుర్తుపెట్టుకోండి. వీపీఎన్ మళ్లీ వేసుకోవడం ఒకటి. ఆ పేజీలో ఎంతసేపు అనుమతి ఇచ్చారో చదవడం రెండోది. అరగంటో గంటో రాసి ఉంటే ఫోన్‌లో దానికి 5 నిమిషాల ముందు అలారం పెట్టుకోండి. ముఖ్యమైన కాల్ ఉంటే మొదలుపెట్టే ముందే లాగౌట్ అయి కొత్తగా లాగిన్ అవ్వండి. ఈ ఒక్క ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

పొద్దున లాగిన్ అయినా మళ్లీ మళ్లీ అడుగుతోందా? నెట్‌వర్క్ మిమ్మల్ని గుర్తుపట్టేది ల్యాప్‌టాప్ మ్యాక్ అడ్రస్‌తో. (ఆపిల్ మ్యాక్‌కూ దీనికీ సంబంధం లేదు, ఇది వైఫై కార్డు నంబరు.) ఎవరూ వెంట తిరిగి గమనించకుండా ఈ నంబరును మార్చే సౌకర్యం విండోస్‌లోనూ ఆపిల్‌లోనూ ఉంది. నంబరు మారితే నెట్‌వర్క్ దృష్టిలో మీరు కొత్త మనిషి. ఆ ఒక్క నెట్‌వర్క్ వరకు నంబరు మారకుండా ఉంచేలా సెట్ చేసుకుంటే గొడవ తీరుతుంది.

ఐదో అడుగు: మూడు పింగులు

లాగిన్ అయింది, అయినా నెట్ సరిగా లేదు. ఇప్పుడు ఊహించడం మానేసి కొలవాలి. పింగ్ అంటే అవతలి యంత్రాన్ని పిలిచి, ‘ఓయ్’ అనడానికి ఎంతసేపు పట్టిందో చూడటం.

మొదటి పిలుపు గేట్‌వేకు. పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి ఇందాకటి గేట్‌వే అంకెలు రాసి ఎంటర్ నొక్కండి. జవాబులు 10 మిల్లీసెకన్లలోపు, ఒక్కటీ తప్పిపోకుండా వస్తే గాలి బాగుంది. ఒకసారి 3, ఒకసారి 400 వస్తూ మధ్యలో కొన్ని అసలు రాకపోతే తప్పు గాలిలో ఉంది. కుర్చీ, బ్యాండు మార్చండి.

రెండో పిలుపు బయటికి, 8.8.8.8కు. గేట్‌వే బాగుండి ఇది తడబడితే ఆ భవనపు లైను నిండిపోయింది, లేదా తెగింది. మీ ల్యాప్‌టాప్‌లో ఏం మార్చినా లాభం లేదు. అక్కడివాళ్లకు చెప్పండి, లేదా ఫోన్ హాట్‌స్పాట్‌కు మారండి. అరగంట సెట్టింగులతో కుస్తీ పట్టే బదులు రెండు నిమిషాల్లో ఈ సంగతి తేలిపోతుంది.

మూడో పిలుపు ఒక పేరుకు, ఉదాహరణకు గూగుల్ డాట్ కామ్‌కు. అంకెలకు జవాబొచ్చి పేరుకు రాకపోతే డీఎన్‌ఎస్ తప్పు. ఈసారి పై సలహాకు తిరగేసి చేయాలి: లాగిన్ అయిపోయింది కాబట్టి 1.1.1.1 లాంటిది చేత్తో పెట్టి చూడండి.

కొన్ని పబ్లిక్ నెట్‌వర్కులు పింగ్‌కు జవాబివ్వకుండా మూసేస్తాయి. సైట్లు మామూలుగా తెరుచుకుంటూ గేట్‌వే ఒక్కటే పలకకపోతే కంగారు పడకండి. విండోస్‌లో పింగ్ నాలుగుసార్లకే ఆగిపోతుంది. చివర ఖాళీ వదిలి హైఫన్, దానికి ఆనించి ఇంగ్లిష్ చిన్న అక్షరం టీ చేర్చితే మీరు కంట్రోల్, సీ కలిపి నొక్కేదాకా పిలుస్తూనే ఉంటుంది. ఓ మూలన నడవనిచ్చి కుర్చీలు మారుతూ చూస్తే ఏ చోటు బాగుందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఆరో అడుగు: అడ్రస్ దొరకనప్పుడు

ఐపీకాన్ఫిగ్‌లో మీ ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే నెట్‌వర్క్ మీకు అడ్రస్ ఇవ్వలేదని అర్థం. ఎవరూ ఇవ్వకపోతే ల్యాప్‌టాప్ తనకు తానే పెట్టుకునే పేరు అది. వైఫై ఒకసారి ఆపి వేయండి. లేదా ఐపీకాన్ఫిగ్ పక్కన ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత, దానికి ఆనించి రిలీజ్ అని ఒకసారి, రెన్యూ అని ఇంకోసారి కొట్టండి.

అయినా రాకపోతే అక్కడ అడ్రసులే అయిపోయి ఉండొచ్చు. మామూలు అమరికలో ఒక నెట్‌వర్క్‌కు 254 అడ్రసులుంటాయి, అందులో ఒకటి రూటర్‌దే. ఒక్కో అడ్రస్‌ను రోజంతా ఒకరి పేరునే ఉంచేలా పెడితే, పొద్దున పది నిమిషాలు కూర్చుని వెళ్లిపోయినవాళ్ల అడ్రసులు సాయంత్రం దాకా ఎవరికీ దక్కవు. హాలు ఖాళీగానే ఉంటుంది, నెట్‌వర్క్ మాత్రం హౌస్‌ఫుల్. ఇది మీ చేతిలో లేదు, నడిపేవాళ్లకు చెప్పాల్సిందే.

విండోస్‌లో నెట్‌వర్క్ రీసెట్ అనే బటన్ ఉంది, ఆశగా కనిపిస్తుంది. దాచుకున్న పాస్‌వర్డులు, వీపీఎన్ సెట్టింగులు అన్నీ తుడిచేస్తుంది. బయట ఉన్నప్పుడు దాని జోలికి పోకండి.

ఏడో అడుగు: ఉన్నదాన్ని పొదుపుగా వాడటం

వైఫైలో ఒక ఛానెల్ మీద ఒక్కసారి ఒక్కరే మాట్లాడగలరు. ఎంతమంది ఉంటే అన్ని వంతులు. దూరంగా, బలహీన సిగ్నల్‌తో కూర్చున్న ఒక్క మనిషి నెమ్మదిగా మాట్లాడుతూ అందరి వంతులూ తినేస్తాడు. ఆ మనిషి మనం కాకుండా చూసుకోవాలి, మన వంతులో వృథా మాటలు లేకుండానూ చూసుకోవాలి.

విండోస్‌లో ఆ వైఫై ప్రాపర్టీస్‌లోనే మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేయండి, పెద్ద అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి. మ్యాక్‌లో లో డేటా మోడ్ ఇదే పని చేస్తుంది. ఫొటోలు, ఫైళ్లు క్లౌడ్‌కు ఎక్కించే యాప్‌లను చేత్తో ఆపండి. డౌన్‌లోడ్ కన్నా అప్‌లోడే కాల్‌ను ఎక్కువ చెడగొడుతుంది, అందుకే ఇవి ముఖ్యం. కాల్‌లో గొంతు తెగుతుంటే మొహమాటం లేకుండా కెమెరా ఆపండి. ఉత్త మాటకు సెకనుకు 100 కిలోబిట్లు చాలు, వీడియోకు దానికి ఎన్నోరెట్లు కావాలి.

ఎనిమిదో అడుగు: భద్రత, క్లుప్తంగా

పాస్‌వర్డ్ లేని పాతకాలపు ఓపెన్ నెట్‌వర్క్‌లో గాలిలో వెళ్లేదానికి ఏ తాళమూ ఉండదు. గోడ మీద అందరికీ కనిపించేలా రాసిపెట్టిన డబ్ల్యూపీఏ2 (వైఫైకి తాళం వేసే పద్ధతి) పాస్‌వర్డ్ కూడా పెద్ద రక్షణ కాదు. అది తెలిసినవాళ్లు, మీరు కలిసే క్షణంలో వింటూ ఉంటే, మీ తాళం విప్పగలరు. డబ్ల్యూపీఏ3 ఈ లోపాన్ని సరిచేసింది. అయినా హెచ్‌టీటీపీఎస్ ఉన్నంతవరకు సైటుకూ మీకూ మధ్య మాటలు గుట్టుగానే ఉంటాయి. కాబట్టి భయంతో వణకనక్కర్లేదు, సైటు అసలుదేనా అని బ్రౌజర్ అనుమానించే ఎర్రటి సర్టిఫికెట్ హెచ్చరిక వస్తే మాత్రం అక్కడితో ఆగిపోండి. ముందు ల్యాప్‌టాప్‌లో తేదీ, టైము సరిగా ఉన్నాయో చూడండి, అవి తప్పినా ఆ హెచ్చరిక వస్తుంది. ఆఫీసు వీపీఎన్ కలవకపోతే దానిలో టీసీపీ 443 అనే దారి (పోర్టు) వాడే ఎంపిక ఉందేమో చూడండి. సురక్షిత సైట్లన్నీ వచ్చేది ఆ దారిలోనే కాబట్టి దాన్ని మూసే నెట్‌వర్కులు అరుదు.

తొమ్మిదో అడుగు: జేబులో రెండో దారి

ముఖ్యమైన కాల్ ఉన్న రోజు నేను ఫోన్ కేబుల్ లేకుండా బయటికి వెళ్లను. వైఫై హాట్‌స్పాట్ కన్నా యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కు ఇవ్వడం) నిలకడగా ఉంటుంది. జనం నిండిన హాల్లో హాట్‌స్పాట్ కూడా అదే గాలిలో వంతు కోసం ఎదురుచూడాలి, కేబుల్‌కు ఆ బాధ లేదు. పైగా ఫోన్ ఛార్జ్ అవుతూ ఉంటుంది. ఐఫోన్‌ను విండోస్‌కు తగిలించాలంటే ఆపిల్ సాఫ్ట్‌వేర్ ముందే వేసి ఉండాలి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు మ్యాక్‌తో కేబుల్ మీద కలవవు. అందుకే ఇంట్లో ఒక్కసారి పెట్టి చూసుకోండి.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒక చిన్న కిటుకు పనిచేస్తుంది. లాగిన్ పేజీ ల్యాప్‌టాప్‌లో ఎంతకీ రాకపోతే ఫోన్‌ను ఆ వైఫైకి కలిపి, అందులో లాగిన్ అయి, యూఎస్‌బీ టెథరింగ్ వేయండి. ఫోన్‌కు వస్తున్న వైఫైనే ల్యాప్‌టాప్‌కు అందిస్తుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు.

కాల్ మొదలయ్యే ముందే కేబుల్ తగిలించి, టెథరింగ్ ఆఫ్‌లో ఉంచి కూర్చోండి. వైఫై పోయిన క్షణంలో ఫోన్‌లో ఒక్క బటన్ నొక్కితే చాలు, కొద్ది సెకన్లలో కాల్ తిరిగి కలుస్తుంది. పని అయి లేచేటప్పుడు ఆ నెట్‌వర్క్‌కు మళ్లీ రాని చోటైతే ఫర్గెట్ కొట్టి, వచ్చే చోటైతే ఆటోమేటిక్‌గా కలిసే టిక్ తీసేసి వెళ్లండి.